ఎడమ చెవిలో చిటపట

కొవిడ్‌కు ముందు సంవత్సరం వేసవిలో నేను మార్కాపురంలోని ఒక ఆడియో సర్వీసు సెంటర్‌లో సీనియర్ టెక్నీషియన్‌గా ఉన్నాను. మైకులు, యాంప్లిఫయర్లు మా రోజువారీ పని. ఖరీదైన హెడ్‌ఫోన్లు అరుదుగా వచ్చేవి. ఒకరోజు మా మేనేజరు నన్ను ఊరి చివర పలకల ఫ్యాక్టరీల పక్కనున్న ఒక ప్రార్థనా మందిరానికి పంపారు. నేను వేరే సంఘంలో పెరిగినవాణ్ణి గాని, అక్కడి పాస్టరుగారు నాకు పరిచయమే.

ఆ మందిరం వెనక గదిలో బైబిలు వాక్యాన్ని చదివి రికార్డు చేస్తున్నారు. కొనకనమిట్ల, దర్శి వైపు పల్లెల్లో చదువురాని విశ్వాసులకు చిన్న ప్లేయర్లలో వేసి ఇవ్వాలని వారి సంకల్పం. చదివేది కరుణమ్మ. గిద్దలూరు దగ్గర పల్లెలో పుట్టి, ఇక్కడికి కోడలై వచ్చి, వారమంతా కూలికి వెళ్లి ఆదివారం పిల్లలకు సండేస్కూలు చెప్పే మనిషి. ఆమె చదువుతుంటే వాక్యం మన ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు ఉండేది. చదివిన ప్రతి భాగాన్నీ సంఘ పెద్ద రత్నంగారు అక్కడున్న ఒక ఖరీదైన హెడ్‌ఫోన్‌లో విని ఆమోదించాలి. అక్కడి పద్ధతి అది.

మొదటి భాగాలు శుభ్రంగా వచ్చాయి. తర్వాతి భాగాల్లో ఆమె గొంతు లోతుకు దిగిన చోటల్లా చిటపటమంటోందని రత్నంగారు ఆపేశారు. మైకు మార్చారు. ఆమెను మళ్లీ చదివించారు. పళ్ల సందుల్లోంచి వస్తోందేమోనని పళ్ల డాక్టరు దగ్గరకు కూడా పంపారు. శబ్దం పోలేదు. దాంతో సంఘంలో ఒక మాట లేచింది: ఆ మనిషి మనసులో ఏదో దాచుకుంది, అందుకే వాక్యం ఆమె నోట పగులుతోందని. నేను వెళ్లిన సాయంత్రమే పెద్దల కూటం. ఆమెను తప్పించి, చదివినదంతా చెరిపేసి, విజయవాడ నుంచి మరొకరిని పిలిపించాలని అందులో తీర్మానించబోతున్నారు. రికార్డింగు పరికరాల్లో లోపం లేదని చెప్పడమే నాకు అప్పగించిన పని. అంటే, నేను లోపం లేదంటే ఆమె పని అయిపోయినట్టే.

ముందు నేను తెచ్చుకున్న మామూలు హెడ్‌ఫోన్‌లో విన్నాను. చిటపట లేదు. రత్నంగారు నవ్వారు.

“తమ్ముడూ, నీది సంతలో కొన్న కళ్లద్దాల మాదిరి. దాంట్లో దుమ్మేడ కనపడతాది? ఇది చూడు, ఇది అబద్ధం చెప్పదు.”

ఆయన అభ్యంతరంలో న్యాయం ఉంది. నా దాంట్లో వినపడని లోపాన్ని మంచి హెడ్‌ఫోన్ పట్టిస్తుంది. ఆయన ఇచ్చింది తలకు పెట్టుకున్నాను. నిజమే, చిటపట స్పష్టంగా ఉంది. అయితే నాకు ఎడమ చెవిలోనే వినిపించింది. కరుణమ్మ చదివింది ఒకే మైకులో. రెండు చెవులకూ వెళ్లేది ఒకటే శబ్దం. లోపం రికార్డింగులో ఉంటే రెండు వైపులా సమానంగా వినపడాలి. ఆ మాటే చెప్పాను.

“నాకు తలంతా వినపడతాంది,” అన్నారు రత్నంగారు.

పాస్టరుగారు గొంతు తగ్గించి, “అన్నకు కుడిచెవి పనిచేయదు బ్రదర్,” అన్నారు.

“నా చెవి సంగతి నిన్నెవురడిగినారు అయ్యగారూ?” అని రత్నంగారు లేచారు. నేను బతిమాలి కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్‌ను వెనక్కి తిప్పి, చెవి మీద కూర్చునే ఎడమ గిన్నె ఆయన కుడిచెవికి వచ్చేలా పెట్టాను. చిటపట రాగానే చెయ్యి ఎత్తమని అదే భాగం మళ్లీ వేశాను. చిటపట రావలసిన చోటు దాటిపోయింది. ఆయన చెయ్యి ఎత్తలేదు. ఇంకోసారి వేయమన్నారు. మళ్లీ దాటిపోయింది.

గుమ్మంలో నిలబడిన కరుణమ్మ అంది: “ఏంది మామా, నా పాపం కుడిచెవులోకి పోయినాదా?”

రత్నంగారు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు.

అంతటితో తేలినట్టు కాదు. తప్పు వైరుదో యాంప్లిఫయరుదో కావచ్చు. ఈ రకం హెడ్‌ఫోన్‌లో ఒక్కో గిన్నెకు ఒక్కో పిన్ను ఉంటుంది. రెండు పిన్నులూ అటుదిటు మార్చాను. చిటపట ఎడమ గిన్నెను వదల్లేదు. కాబట్టి లోపం గిన్నె లోపలే ఉంది, విప్పాలి.

అక్కడ నాకు భయం వేసింది. మామూలు హెడ్‌ఫోన్‌లో చిన్న స్పీకరు ఉంటుంది. దీంట్లో ఉల్లిపొర లాంటి పలుచని పొర, దాని మీద సన్నని లోహపు గీతలు, అటూ ఇటూ బలమైన అయస్కాంతాలు. పొర చినిగితే బాగుచేయడం ఉండదు. పైగా కరుణమ్మ పక్షాన ఉన్న ఒకే ఒక్క రుజువు నా చేతిలో నాశనమవుతుంది. అందుకని అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి, వారి కళ్లముందే విప్పాను.

చెవి మెత్తను మామూలుగా సన్నని పుల్లతో లేపాలి. ఇది వేలు తగలగానే ఊడింది. కింద జిగురు కరిగి జిడ్డుగా మెరుస్తోంది. వాసన చూశాను. ఒలీవ నూనె.

“ఇది ఎట్ల వచ్చింది అయ్యగారూ?”

“ఈ సామాను ప్రతిష్ఠ రోజు అన్నిటికీ నూనె రాసి ప్రార్థన చేసినాం బ్రదర్. మైకుకు, కంప్యూటరుకు, దీనికి.”

రత్నంగారు ఊడిన మెత్తను చేతిలోకి తీసుకున్నారు. “దీనికి నేనే రాసినా. ఎడమ పక్క కొంచెం ఎక్కువే రాసినా. ఉన్న ఒక్క చెవన్నా దేవుడు కాపాడాలని.”

నూనెకు జిగురు కొన్నాళ్లకు వదిలి మెత్త కింద సందు పడింది; మొదటి భాగాలు శుభ్రంగా వచ్చింది అందుకే. పక్కన ఫ్యాక్టరీలలో పలకరాయిని కోసే రంపాల నుంచి రాలిన ఇనుప రజను గాలిలో వచ్చి ఆ సందులో దూరింది. లోపలి అయస్కాంతాలు దాన్ని పట్టుకున్నాయి. లోతైన స్వరానికి పొర ఎక్కువగా ఊగుతుంది, ఊగినప్పుడల్లా రజనుకు తగిలి చిటపటమంటుంది. అయస్కాంతం పట్టించిన స్క్రూడ్రైవరు కొనను మెత్త కింది జాలీ దగ్గరకు తెస్తే నల్లని నలుసులు లేచి నిలబడ్డాయి. వట్టి రాతిపొడి అట్లా నిలబడదు.

“బైబిల్లో దేవుని గుడారంలో పాత్రలకు గూడ అభిషేకం చేసినారు గదా బ్రదర్?” అన్నారు పాస్టరుగారు, కొంత నొచ్చుకుని.

“చేసినారు అయ్యగారూ. అవి ఇత్తడివి, బంగారువి. ఇది పొర.”

తక్కువ జిగురున్న టేపుతో నలుసులను ఒక్కొక్కటిగా ఎత్తాను. జిడ్డు తుడిచి, కొత్త జిగురుతో మెత్త అతికించి, సన్నని స్థాయి నుంచి లోతుకు దిగే టోను వేసి చూశాను. ఎక్కడా చిటపట రాలేదు. అప్పుడు రత్నంగారి తలకు ఈసారి సరైన వైపునే పెట్టాను. ఆయన ఆ భాగమంతా విని, తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

“అమ్మా, నీ గొంతు బాగానే ఉండాది.”

“నా గొంతు సంగతి నాకు తెలుసు మామా. ఆ మాట కూటంలో చెప్పు.”

చెప్పారు. పెద్దల ముందు నిలబడి, పగిలింది ఆమె నోట వాక్యం కాదు, తన చేత్తో నూనె పూసిన పరికరమని చెప్పారు. తీర్మానం పక్కన పెట్టారు. మిగిలిన భాగాలు కూడా కరుణమ్మే చదివింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, హెడ్‌ఫోన్ ఫిర్యాదు వస్తే శబ్దం ఎట్లాంటిదని ముందు అడగలేదు. ఏ చెవిలో అని అడిగి, తిప్పి పెట్టుకుని వినమనేవాణ్ణి. మనిషి మీద తీర్పు చెప్పడానికి ఒక పరికరాన్ని వాడేటప్పుడు ముందు ఆ పరికరాన్ని పరీక్షించాలి. ప్రార్థన విషయంలో నాకు అప్పుడూ ఇప్పుడూ సందేహం లేదు. నూనె రాయాలనుకుంటే పరికరం వచ్చిన అట్టపెట్టెకు రాస్తే సరిపోతుంది.