సలోమక్క తీసెయ్యమన్న సౌండ్

నిన్న పొద్దున సలోమక్క నంబర్ నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది.

ఎత్తలేదు.

సినిమా ఉన్న హార్డ్ డిస్క్ ఇంకా పంపలేదు కదా, తిడుతుందని భయం. ఏన్కూరు బస్టాండ్‌లో మిర్చి బజ్జీ తింటూ ఫోన్ సైలెంట్‌లో పెట్టాను.

మూడోసారి ఎత్తాను. అక్క కాదు. వాళ్ల తమ్ముడు.

"అన్నా, అక్క ఇగ లేదు."

చేతిలో సగం బజ్జీ. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏం చేయాలో తోచక కాసేపటికి అది కూడా తినేశాను.

తెలియని వాళ్ల కోసం: సలోమక్క డాక్యుమెంటరీ డైరెక్టర్. ఖమ్మంలో పెళ్లి వీడియోలు తీసుకుంటూ హాయిగా బతుకుతున్న మనిషి, ఒక సీజన్‌లో మిర్చి ఏరే ఆడవాళ్ల చేతులు చూసి చెడిపోయింది. ఆ తర్వాత అన్నీ అవే. ఆడవాళ్ల పని, ఆడవాళ్ల జబ్బులు, ఆడవాళ్లకు రావాల్సినవి.

నేను ఆమె ఎడిటర్‌ని, సౌండ్ ఇంజనీర్‌ని, బైక్ డ్రైవర్‌ని. పేరు పెట్టి ఒక్కనాడూ పిలవలేదు. "ఓ బీటెక్" అనేది. నా డిగ్రీకి దక్కిన ఏకైక గౌరవం అదే.

అక్కకు ఒక రూల్ ఉండేది.

సినిమా ఎవరి మీద తీస్తే ముందు వాళ్లకే చూపించాలి. ఫెస్టివల్ తర్వాత, పెద్ద మనుషులు తర్వాత. తెర మీద ఉన్న మనిషి "ఇది తీసెయ్" అంటే తీసెయ్యాలి. ఎందుకని అడగొద్దు.

ఒకసారి ఒకావిడ తన గర్భసంచి ఆపరేషన్ గురించి పది నిమిషాలు మాట్లాడింది. అద్భుతమైన షాట్. చూపిస్తే చివర్లో అంది:

"ఆపరేషన్ సంగతి ఉండనీ తల్లీ. ఎనక చిరిగిన లంగా ఆరేసి ఉంది, అది కనబడొద్దు."

నేను తల పట్టుకున్నాను. అక్క మాత్రం మర్నాడు మళ్లీ అదే ఊరికి పోయి, దండెం ఖాళీ చేయించి, మొత్తం మళ్లీ తీసింది.

ఆఖరి సినిమా చర్ల అవతలి ఊళ్లలో. నొప్పి ఉన్నా దవాఖానాకు ఆలస్యంగా పోయే ఆడవాళ్ల మీద. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "పని అయినంక చూపించుకుంటా." సబ్‌టైటిల్స్ రాసింది నేనే. ఆ లైన్ ఎన్నిసార్లు వచ్చిందంటే, చివరికి కాపీ పేస్ట్ చేసుకున్నాను.

ఇంకా పూర్తిగా ఎడిట్ కాని రఫ్ కట్ అక్కడే చూపించాం. చీకటి పడేలోపు అందరూ ఇళ్లకు పోవాలి కాబట్టి మధ్యాహ్నమే, బడి గదిలో, కిటికీలకు యూరియా సంచులు కట్టి.

అయిపోయాక ముత్తమ్మవ్వ లేచింది. వెనక నుంచి కర్రతో తెర వైపు చూపించింది.

"ఓ బిడ్డా, ఎవలో కనబడకుంట మూలుగుతున్నరు. గామెను దవాఖానాకు తోలిండ్రా?"

కెమెరా మీది మైకు, కెమెరా పట్టుకున్న మనిషికే దగ్గర. ఆ మూలుగు సలోమక్కది.

నేను ఊరుకుంటానా? జోకులేసేవాడిని కదా.

"ఆమె మా డైరెక్టరమ్మ అవ్వా! సినిమా ఆమెకే నచ్చక మూలుగుతుంది!"

గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ అక్క నవ్వింది. అవ్వ ఒక్కతే నవ్వలేదు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక నుంచి అంది:

"బీటెక్, గా సౌండ్ తీసెయ్."

"ఎందుకక్కా?"

"ఎందుకని అడగొద్దు. రూలే గదా. నేను గూడ సినిమాల ఉన్న."

"మరి దవాఖానా?"

"ఎడిటింగ్ అయినంక చూపించుకుంటా."

నవ్వాను. నిజంగా నవ్వాను. "డైలాగ్ కాపీ కొడుతున్నవ్ అక్కా, సబ్‌టైటిల్ రెడీగా ఉంది" అన్నాను.

అవ్, ఇది నేనే అన్నాను.

తర్వాత కూర్చుని ఆ మూలుగులన్నీ తీసేశాను. ఒక్కో షాట్, ఒక్కో ఊపిరి. అంతకుముందు షూటింగుల ఫుటేజ్‌లో కూడా ఉన్నాయి. నెలల కిందటివి. నాకు అవి మనిషి నొప్పిలా వినపడలేదు. నాయిస్‌లా వినపడ్డాయి. నా కెరీర్‌లో ఇంత క్లీన్‌గా చేసిన పని ఇంకోటి లేదు.

ఎడిటింగ్ అయ్యాక అక్క చూపించుకుంది. మాట మీద నిలబడే మనిషి. డాక్టర్ "ముందే రావాల్సింది" అన్నాడు. ఆ లైన్ కూడా మా సినిమాలో ఉంది.

నిన్నటి నుంచి ఫేస్‌బుక్ వాల్ నిండా "స్త్రీల గొంతుక మూగబోయింది" పోస్టులే. సార్లూ, మేడమ్‌లూ, దండాలు. అక్క ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నానమ్మా" అన్నవాళ్లే ఇందులో సగం. మిమ్మల్ని అనే అర్హత నాకు లేదు. మీరు ఆ గొంతు వినలేదు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. విని తీసేశాను.

ఒకటి మాత్రం ఉంది. తీసేసిన సౌండ్ ఏదీ నేను డిలీట్ చేయను. ఫైనలియర్ ప్రాజెక్ట్ పోగొట్టుకున్నప్పటి నుంచి అలవాటు. అంతా "చెత్త" అనే ఫోల్డర్‌లో ఉంది. రాత్రంతా దాన్ని తెరవడానికి ధైర్యం చాల్లేదు. ఇందాక తెరిచాను.

అక్కా, మన రూల్ మొదటిసారి తప్పుతున్నాను. నువ్వు తీసెయ్యమన్నవన్నీ తిరిగి పెడుతున్నాను. కోపమొస్తే తిట్టు, ఈసారి మొదటి రింగుకే ఎత్తుతాను.

ముందు ఆ బడి గదిలోనే చూపిస్తాను. యూరియా సంచులు కట్టి. ముత్తమ్మవ్వ మళ్లీ అదే అడుగుతుంది, నాకు తెలుసు.

ఈసారి జోక్ వేయను.

"తోలలేదవ్వా" అని చెబుతాను.

పని అయిపోయింది సలోమక్కా. ఇగనన్న నొప్పి లేకుంట, నిమ్మళంగ పండుకో.