మాట్నీకి వెళ్లిన జ్వరం

నేను వచ్చిన దగ్గర్నుంచీ మీరందరూ అదే అడుగుతున్నారు కదా, హైదరాబాద్‌కి ఎప్పుడొచ్చేస్తున్నారని. చెప్తాను, టీ తాగుతూ వినండి. మాకు హైదరాబాద్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. వచ్చింది, పోయింది కూడా. రావడం మధ్యాహ్నం మూడింటికి వచ్చింది, పోవడం సాయంత్రం ఐదింటికి పోయింది. ఆ రెండు గంటలూ మేమిద్దరం ఎక్కడున్నామో మాత్రం మా అత్తగారి ముందు అడక్కండి. ఆవిడకి వేరే కథ చెప్పాం.

తునికి వెళ్లి ఎనిమిది నెలలైంది. ఉత్తరాల్లో ఆ ఊరిని ఎంత ఆడిపోసుకున్నానో మీరు చదివారు. నిజం చెప్పాలంటే తిట్టడానికి కూడా అక్కడ ఏమీ లేదు, అదే నా బాధ. ఊరు చెడ్డది కాదు. మనుషులు బంగారం. కూరగాయలు తాజాగా దొరుకుతాయి. కానీ ఏమీ ఉండదండీ బాబూ! మధ్యాహ్నం ఒంటిగంటయ్యేసరికి బజారంతా షట్టర్లు సగానికి దించేసి నిద్రపోతుంది. సాయంత్రం మా షికారు ఏంటంటే, స్టేషన్ దాకా నడిచివెళ్లి ఏ రైలు ఎంత లేటో బోర్డు మీద చదివి రావడం. మెయిలు వచ్చి రెండు నిమిషాలాగి వెళ్లిపోతుంది. అందులోవాళ్లు కిటికీల్లోంచి మమ్మల్ని అదోలా చూస్తారు. వీళ్లు ఇక్కడే ఉండిపోతారు కాబోలు పాపం అనుకుంటున్నారేమో అని నా అనుమానం.

పోనీ ఇంట్లో ఒక గంట మన మానాన మనం ఉందామా అంటే అదీ కుదరదు. వీధి చివరికి వెళ్లేలోగా నలుగురు అడుగుతారు, బజారుకా అమ్మా, కోవెలకా అమ్మా అని. మా ఇంటి ఓనరు సత్యవతి గారు ముందు వాటాలో ఉంటారు. నేను పిన్నిగారూ అంటాను. మా వంటింట్లో పోపు వేస్తే చాలు, అది ఏ కూరో ఆవిడ వాటాలోంచే చెప్పేస్తారు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

అందుకే వెళ్లిన రెండో నెలలోనే మా ఆయన ట్రాన్స్‌ఫర్‌కి అప్లికేషన్ పెట్టేశారు. వాళ్ల సూపరింటెండెంటు భాస్కరరావు గారని, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, సైకిలు మీద ఆఫీసుకొస్తారు. ఆ కాగితం చూసి, "మా ఊరు నచ్చలేదాండి?" అని ఒక్కమాట అడిగి, గట్టిగా సిఫార్సు రాసి పైకి పంపారట. అప్పట్నుంచీ నేను రోజూ దేవుడికి దీపం పెట్టి అడిగేది ఒక్కటే. మళ్లీ హైదరాబాద్‌లో పడేయి స్వామీ అని.

ఇంతలో ఊళ్లోకి కొత్త సినిమా వచ్చింది. ఆదివారం వెళ్లామనుకోండి, హాలు నిండా తెలిసినవాళ్లే. ఇంటర్వెల్ అంతా నమస్కారాలకే సరిపోతుంది. ఒక్కసారి, హైదరాబాద్‌లోలాగా, ఎవరికీ చెప్పకుండా ఇద్దరమే వెళ్లి సినిమా చూసి రావాలని నాకు పట్టుకుంది. మా ఆయన ఆలోచించి, గురువారం మాట్నీకి వెళ్దాం, జ్వరమని లీవు పెడతాను అన్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. హైదరాబాద్‌లో ఈయనకి కామెర్లొచ్చి పదిహేను రోజులు మంచం మీదుంటే ఆఫీసు నుంచి పురుగు కూడా రాలేదు. తునిలో జ్వరం ఎవరి సొంత విషయమూ కాదని మాకేం తెలుసు?

పొద్దున్నే లీవు లెటరు రాసి, మా వీధి మలుపులో ఉండే రిక్షా అప్పారావుకిచ్చి ఆఫీసుకి పంపాం. పావుగంటలో పిన్నిగారు శొంఠి కషాయం పట్టుకుని వచ్చేశారు. మా ఆయన ఒక్క గెంతులో మంచమెక్కి దుప్పటి కప్పుకున్నారు. మే నెల చూసుకోండి. చెమటలు కారిపోతున్నాయి. అది చూసి ఆవిడ, "చూశావా అమ్మాయ్, చెమట పడుతోంది, జ్వరం దిగుతోందన్నమాట," అని సంతోషపడి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నుంచున్నారు. నాకు నవ్వాగక వంటింట్లోకి పారిపోయాను.

ఒంటిగంటన్నరకి ఆవిడ కునుకు తీస్తారు. అప్పుడు దొడ్డి గుమ్మంలోంచి జారుకున్నాం. ఎండ మాడ్చేస్తోంది, మలుపులో అప్పారావు రిక్షా తప్ప ఇంకోటి లేదు. ఎక్కి, హాలు దగ్గర దింపు అన్నాను. లీవు లెటరు మోసుకెళ్లినవాడు కూడా అతనే అన్న సంగతి అప్పుడు మా ఇద్దరి బుర్రలోకీ రాలేదు. అతను ఈయన మొహం ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా బయల్దేరాడు. గతుకు వచ్చిన ప్రతిచోటా దిగి, రిక్షాని మెల్లగా నడిపించాడు. ఎంత బద్ధకమో చూడండి అని నేను మా ఆయన చెవిలో గొణిగాను.

ఫస్టాఫ్ ఎంత హాయిగా గడిచిందో చెప్పలేను. బాల్కనీలో తెలిసిన మొహం ఒక్కటి లేదు. ఇంటర్వెల్‌లో సోడా తాగాం, వేరుశెనక్కాయలు తిన్నాం. మళ్లీ లైట్లారాయి. తెర మీద మామూలుగా వచ్చే స్లైడులు మొదలయ్యాయి. బట్టల కొట్టు ఒకటి, టైపు ఇన్‌స్టిట్యూట్ ఒకటి, పొగ తాగరాదు. తర్వాత చేత్తో రాసిన స్లైడు ఒకటి వచ్చింది. కాస్త వంకరగా, తెర నిండా ఇంతింత అక్షరాలు.

"జ్వరముతో ఉన్న ప్రసాదు గారు వెంటనే ఇంటికి రావలెను."

ప్రసాదంటే మా ఆయనే. నేలలో ఎవరో విజిలేశారు. మా వెనక వరసలో ఒకావిడ, జ్వరంతో సినిమాకి రావడమేంటి, పాపం ఎంత పిచ్చో అని జాలిపడింది. నేను లేవబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేశారు. మనం దొరికిపోయాం, ఇది మనల్ని బయటికి రప్పించే ఎత్తు, లేచామో హాలంతా చూస్తుంది అన్నారు. ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమో అన్నాను. అలాగైతే అదే రాసేవాళ్లు కదా, జ్వరం అని ప్రత్యేకంగా ఎందుకు రాస్తారు, అది ఎత్తిపొడుపు అన్నారు. నాకూ నిజమే అనిపించింది. ఆ మనిషి మాట వినడం నాకెప్పుడూ కలిసిరాలేదు, అయినా వింటాను.

సినిమా మొదలైంది. పది నిమిషాలకి గేటుమాన్ టార్చిలైటుతో బాల్కనీలోకి వచ్చాడు. ఒక్కో వరసా వెతుక్కుంటూ వచ్చి, సరిగ్గా మా దగ్గర ఆగి, ఈయన మొహం మీద లైటు వేశాడు.

"ఏవండీ, జ్వరం తమరికేనాండి?"

మా ఆయన నిటారుగా కూర్చుని, "లేదండి. నాకేం జ్వరం లేదు," అన్నారు.

గేటుమాన్ ఆ చెంపల నిగారింపు చూసి, వేరుశెనక్కాయల పొట్లం చూసి, క్షమించండి అని ముందుకెళ్లిపోయాడు. పొద్దుట్నుంచీ మా ఆయన ఆడిన ఒకే ఒక్క నిజం అది. దాంతోనే మా కొంప మునిగింది.

సెకండాఫ్ ఏం చూశామో దేవుడికెరుక. ఆఫీసులో అడిగితే ఏం చెప్పాలి, డాక్టరు దగ్గరికెళ్లామంటే ఏ డాక్టరంటారు, ఇదే గోల. ఐదూ పదికి బయటికొస్తే, గేటు దగ్గర అప్పారావు ఎండలో నుంచునున్నాడు.

"జ్వరం తగ్గిందాండి బాబుగారూ? ఎక్కండి, ఇంటి దగ్గర అందరూ కంగారు పడతన్నారు," అన్నాడు. మళ్లీ ప్రతి గతుకు దగ్గరా దిగి నడిపించాడు. అప్పుడర్థమైంది నాకు, మధ్యాహ్నం ఆ నెమ్మది ఎందుకో. జబ్బు మనిషి కుదుపులకి ఆగలేడని. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఇంటికొచ్చేసరికి మా అరుగు మీద సభ. భాస్కరరావు గారు, ఆఫీసు వాళ్లిద్దరు, పిన్నిగారు. మధ్యలో బ్రెడ్డు, అరడజను బత్తాయిలు. మా ఆయన రిక్షాలోనే ఒకసారి దగ్గి సిద్ధంగా ఉన్నారు. భాస్కరరావు గారు లేచి, గడియారం చూసుకుని, చేతిలో ఉన్న టైపు కాగితం ఈయనకిచ్చారు. "కొద్దిలో తప్పిపోయిందండి ప్రసాదు గారూ. మీ ఆరోగ్యం బాగాలేనప్పుడే రావాలా అది," అన్నారు.

జరిగింది ఇదీ. మూడింటికి హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చింది. హైదరాబాద్‌లో ఖాళీ ఉంది, లిస్టులో మొదటి పేరు ప్రసాద్‌ది, ఇష్టమేనని సంతకం పెట్టిన కాగితం ఐదింటిలోగా ఫ్యాక్సు చెయ్యాలి, లేకపోతే తర్వాతవాళ్లకి ఇచ్చేస్తాం అని. భాస్కరరావు గారు అప్పటికప్పుడు కాగితం టైపు కొట్టించి, జ్వరం మనిషిని కదపడం ఎందుకని తనే సైకిలెక్కి వచ్చారు. వస్తూ బత్తాయిలు కూడా కొన్నారు. చూస్తే ఇంటికి తాళం. ఊళ్లో రెండు నర్సింగ్‌హోములూ వెతికారు. చివరికి అప్పారావు, హాలు దగ్గర దింపానండి అని చెప్పాడు.

అప్పుడైనా అనుమానం రావాలా? ఒక్కరికీ రాలేదు. హాలు పక్కనే డాక్టరు గారి క్లినిక్కు ఉంది. ఆయన సాయంత్రం దాకా రారు. పాపం, అందాకా ఫ్యాను కింద కూర్చుందామని హాల్లోకి వెళ్లుంటారు అని పిన్నిగారు తేల్చేశారు. ఊళ్లో ప్రసాదులు బోలెడుమంది కాబట్టి, గుర్తుగా 'జ్వరముతో ఉన్న' అని రాయించిందీ ఆవిడే. గేటుమాన్ వచ్చి, జ్వరం ఉన్నవాళ్లెవరూ లేరండి, నేనే అడిగి చూశాను అని చెప్పాక, వీళ్లు మళ్లీ నర్సింగ్‌హోములకి పరిగెత్తారు. ఐదింటికి భాస్కరరావు గారు హైదరాబాద్‌కి ఫోన్ చేసి ఒక్క అరగంట ఆగమని బతిమాలారట. వాళ్లు ఆగలేదు. కర్నూల్లో ఎవరికో ఇచ్చేశారు.

మా ఆయన ఇంకా దగ్గుతూనే ఉన్నారు. నేనిక పట్టలేకపోయాను.

"సినిమాకే వెళ్లామండి. ఆయనకి జ్వరం లేదు, ఏమీ లేదు," అన్నాను.

తిడతారేమో అనుకున్నాను. తిట్టుంటే బాగుండేది. భాస్కరరావు గారు చొక్కా వీపంతా తడిసిపోయి, అలిసిపోయి ఉన్నారు. మెల్లగా మళ్లీ అరుగు మీద కూర్చుని, "అడిగితే నేనే పంపేవాణ్ణి కదండి," అన్నారు. అంతే. హైదరాబాద్ పోయినందుకు ఏడుపు రాలేదు నాకు. నేను రోజూ తిట్టుకునే ఊళ్లోంచి నన్ను బయటపడెయ్యడానికి, ఆ ఊరి పెద్దాయన రెండు గంటలు ఎండలో సైకిలు తొక్కారు. అందుకు వచ్చింది ఏడుపు. నాలాంటి దానికి పిన్నిగారు బత్తాయి రసం తీసి చేతిలో పెట్టారు. జ్వరం ఎవరికో ఒకరికి వచ్చినట్టే కనిపిస్తోంది, తాగు అన్నారు.

ఆ తర్వాత పది రోజులు మా ఆయన ఎటు వెళ్లినా, జ్వరం ఎలా ఉందండి అనే పలకరింపే. కూరగాయలావిడ కూడా అడిగింది. వెక్కిరింపు కూడా 'అండి' లేకుండా ఉండదు అక్కడ. ఇంకో ఏడాది దాకా కొత్త లిస్టు రాదట. ఈలోగా మధ్యలో ఇంకో ఖాళీ వచ్చినా రావచ్చని భాస్కరరావు గారి ఆశ.

మొన్న బుధవారం ఈయన ధైర్యం చేసి, ఆ సినిమా ఇంకా ఆడుతోందండి, సెకండాఫ్ చూడలేదు, మాట్నీకి పర్మిషన్ కావాలి అని ఉన్నదున్నట్టు రాసిచ్చారు. భాస్కరరావు గారు సంతకం పెట్టేసి, కాగితం వెనక్కి తిప్పి, పెన్ను చేతికిచ్చారట. "హైదరాబాద్ నుంచి ఫోనొస్తే మళ్లీ వెతుక్కోవాలి కదండి. ఏ వరసో ఇక్కడ రాసి వెళ్లండి," అన్నారట.

మా ఆయన బుద్ధిగా రాసిచ్చి వచ్చారు. బాల్కనీ, రెండో వరస, గోడ పక్కన మూడు సీట్లు. మూడోది ఇంటి ఓనరు గారిది. ముగ్గురమూ ఆరోగ్యంగానే ఉన్నాము.