పేరు పెట్టి పిలిచిన అమ్మాయి

ఎనభైల మొదట్లో జెర్సీ సిటీ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో మావారు ఉన్నట్టుండి బెంచీ మీంచి కింద పడిపోయారు. ఊపిరి ఆడటం లేదు. "ఏమండీ, ఏమండీ" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని కుదపడం తప్ప నాకేమీ తోచలేదు.

పచ్చకోటు వేసుకున్న ఒక అమెరికన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి ఆయన పక్కన మోకరిల్లింది. "వాట్స్ హిజ్ నేమ్?" అంది. మొగుడి పేరు పలకని ఇంట్లో పెరిగినదాన్ని, అంత కంగారులోనూ ఆ పేరు నా నోట రాలేదు. "మై హస్బెండ్" అన్నాను.

ఆమె ఆయన ఆఫీసు బ్యాడ్జీ చూసి, "రఘూ! కెన్ యూ హియర్ మీ?" అని అరిచింది. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోటికి నోరు ఆనించి ఊదింది. రెండు చేతులతో రొమ్ము మీద అదిమి, మళ్ళీ ఊదింది. ఏడుస్తూ కూడా నేను ఆమె లిప్‌స్టిక్ రంగు చూశాను.

ఆయన దగ్గి, ఊపిరి తీసుకున్నారు. "రఘూ" అని ఆమె మెల్లగా పిలిచింది. ఆయన కళ్ళు తెరిచి, ఆమెనే చూస్తూ "ఊఁ" అన్నారు.

అంబులెన్స్ రాగానే ఆమె తన రైలెక్కి వెళ్ళిపోయింది. ఆమెకు రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయినా ఆ "ఊఁ" నాకు రావలసింది.

ఇప్పుడు నేనూ ఆయన్ని రఘూ అనే పిలుస్తున్నాను. వంటింట్లోంచి పిలిస్తే, ఆయన మొదట వీధి గుమ్మం వైపు చూస్తారు.