గాలిని నమ్మని దస్తగిరి

దస్తగిరి గాలిని నమ్మడు. పాము పక్కన పడుకోమంటే పడుకుంటాడేమో గానీ, గొట్టంలో బిగించిన గాలి పక్కన నిలబడమంటే మాత్రం ఒప్పుకోడు. ఇంతా చేసి వాడి బతుకంతా ఆ గాలి మీదే!

ఎనభైల చివర్లో నల్గొండ జిల్లాలో ఏ దర్గా దగ్గర ఉర్సు జరిగినా, ఎక్కడ జాతర జరిగినా మా దుకాణాలు ఎదురెదురుగా పడేవి. చెక్కకు రంగురంగుల రబ్బరు బుగ్గలు కట్టి, వచ్చినవాళ్ల చేత గాలితుపాకులతో పేల్పించడం ఇద్దరి పనీ. నావి గొట్టం విరిచి వంచే పాతకాలపు తుపాకులు. వాటిని వంచాలంటే పొద్దున సంకటి తిని రావాలి. ఆడవాళ్లు ఒకసారి లాగి చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లు. వాడేమో హైదరాబాదులో ఎవరో మిస్త్రీ చేత కొత్త రకం తుపాకులు చేయించుకొచ్చాడు. గొట్టం కింద చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో గాలి నింపితే చాలు, పళ్లూడిన ముసలమ్మ కూడా వేలితో నొక్కి బుగ్గ పేల్చేస్తుంది. గాలి నింపడానికి చక్రాల మీద నడిచే ఎర్ర కంప్రెసరొకటి. దాన్ని తోసుకుంటూ వాడు జాతరలోకి వస్తుంటే పెళ్లికొడుకు ఊరేగి వస్తున్నట్టు జనం దారి ఇచ్చేవాళ్లు. నా కడుపు ఆ రోజే మండింది.

పోనీ, తెచ్చినవాడు చప్పున నింపి చప్పున కాల్పిస్తాడా? అబ్బే! ముందు సున్నంతో నేల మీద గీత గీస్తాడు. గీత దాటితే ఎస్సై అయినా సరే వెనక్కి పంపేస్తాడు. తుపాకిలో గుండు లేదని తాను చూసుకుని, భార్య రబియాకు చూపించి, తర్వాత మళ్లీ తానే చూసుకుంటాడు. గొట్టం మూతిని ఇసుక బస్తా వైపు తిప్పుతాడు. కంప్రెసర్ అడుగున చేరిన నీళ్లు వదిలేస్తాడు. పైపు అతుకులకు సబ్బు నురగ పూసి బుడగలొస్తాయేమో అని పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తాడు. అప్పుడు మొహం పక్కకు పెట్టి, మీటర్ ముల్లు మీదే కళ్లు పెట్టి, కొంచెం కొంచెంగా గాలి ఎక్కిస్తాడు. ముల్లు ఎర్రగీతకు చాలా ముందుండగానే ఆపేస్తాడు. పైపులో మిగిలిన గాలి వదిలేదాకా దాన్ని ఊడదీయడు. ఆపైన మిషను చల్లారాలని పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాడు.

ఒకసారి వెల్డింగు గుర్వయ్యకు వాణ్ణి చూసి జాలేసింది. తన దగ్గరున్న ఆక్సిజన్ సిలిండర్ తెస్తాననీ, చిటికెలో అన్ని తుపాకులూ నిండిపోతాయనీ అన్నాడు. దస్తగిరి లేచి నిలబడ్డాడు.

"గది గిట్ల తెచ్చినవంటె నీకూ నాకూ మాటల్లేవు గుర్వయ్యా. దాంట్ల నూనె చుక్క తగిలితె తుపాకి కాదు, మనం పేల్తం."

గుర్వయ్య ఆ తర్వాత చాలా రోజులు ఆ దుకాణం దగ్గర చుట్ట కూడా ముట్టించలేదు.

ఇంత చాదస్తానికి జనం విసుక్కుని నా దగ్గరికి రావాలి కదా? రారు. ఆ తతంగం చూడటానికే మూగేవాళ్లు. కాల్చేవాళ్లు కొందరైతే చూసేవాళ్లు ఊరంతా. నేను గొంతు చించుకుని పిలిచినా ఒక్కడు తిరిగి చూసేవాడు కాదు. వాడి కంప్రెసర్ మీద నా కళ్లల్లోని నిప్పులన్నీ పోశాను. అది అందుకే అంత వేడెక్కేదేమో!

ఆ ఏడు మా ఇంట్లో పరిస్థితి బాగాలేదు. మగ్గం వదిలేసి తుపాకి పట్టినవాణ్ణి నేను. మా బావమరిది బొంబాయి పక్కన భీవండిలో మరమగ్గాల మీద పనికి రమ్మని కబురు మీద కబురు పంపుతున్నాడు. నకిరేకల్ దగ్గర ఉర్సుకు బయలుదేరేటప్పుడు నా భార్య ఆండాళు తేల్చి చెప్పేసింది.

"గీ ఉర్సుల గూడ నడవకపోతె తుపాకులమ్ముదాం. భీవండికి పోదాం. నాకైతె పోబుద్ధయితలేదు, గని ఏం జేస్తం."

ఊరు వదలడం నాకూ ఇష్టం లేదు. అందులోనూ దస్తగిరిని ఇక్కడ వెలిగిపోనిచ్చి నేను వెళ్లిపోవడమా? తలుచుకుంటేనే అన్నం సయించలేదు.

ఉర్సు మొదలైంది. మధ్యాహ్నం ఎవరింటికో వచ్చిన కొత్త అల్లుడు పెళ్లాన్నీ, మరదళ్లనూ, సగం వీధినీ వెంటేసుకుని నేరుగా దస్తగిరి దగ్గరికే వెళ్లాడు. దస్తగిరి కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి, తల అడ్డంగా ఊపాడు. మిషను చల్లారలేదనీ, వేడి మీద నింపితే లోపలి రబ్బరు సీళ్లు పోతాయనీ, అంతసేపూ ఎదురు దుకాణంలో కాల్చుకోమనీ చెప్పాడు. అల్లుడు విసుక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు. గురి తప్పినప్పుడల్లా మరదళ్లు పడీపడీ నవ్వుతుంటే వాడికి పంతం పెరిగింది. ఆ నవ్వులకు ఇంకో గుంపు చేరింది. వాళ్లను చూసి మరో గుంపు! బుగ్గలు ఊది ఊది ఆండాళు బుగ్గలే ఉబ్బిపోయాయి. పొద్దు వాలేసరికి సంచిలో ఒక్క బుగ్గ మిగల్లేదు. మర్నాడూ అంతే. ఆండాళు భీవండి మాట ఎత్తడం మానేసింది.

ఇక నన్ను పట్టేదెవరు? ఆ సాయంత్రం మీసం దువ్వుకుని దస్తగిరిని పరామర్శించడానికి వెళ్లాను. పరామర్శ అని పేరే గానీ, వాడి మొహం వాడిపోతే కళ్లారా చూద్దామని.

"ఏం భాయ్, మిషను బాగ సతాయిస్తాందా?" అంటూ జాలిగా కంప్రెసర్ మీద చెయ్యి వేశాను.

చల్లగా ఉంది. కొత్త కుండలా చల్లగా ఉంది.

నేను దస్తగిరిని చూశాను. వాడు ఇసుక బస్తాను చూశాడు. లోపల రొట్టెలు చేస్తున్న రబియాకే నవ్వాగలేదు.

"నిన్న పొద్దుగాల ఒక్కసారి నడిపిండన్నా, గంతే. నీ సంచిల బుగ్గలు ఒడిసేదాక మిషను చల్లారదట. భీవండి పోవాల్సొస్తదని ఆండాళు నా దగ్గర ఏడ్సింది. నేను పోయి ఈయనకు చెప్పిన."

నా కళ్లు చెమర్చాయని చెబితే బాగుంటుంది గానీ, నిజానికి ఒళ్లు మండింది. తుపాకుల్లో ముందున్నాడు, జనంలో ముందున్నాడు, చివరికి మంచితనంలో కూడా వీడే ముందా?

"నేను పోతె నీకే మంచిది గద. మొత్తం జాతర నీదే అయితుండె. ఎందుకు ఆపినవ్?" అని అడిగాను.

వాడు చాలాసేపు గొణిగి, చివరికి నేల చూపులు చూస్తూ అసలు మాట బయటపెట్టాడు.

"నీ దుకాణం కాడ జనం నవ్వుతరు నర్సన్నా. నా దగ్గర భయపడి నిలబడతరు. ఎన్నేండ్ల సంది నిన్ను చూసి కుళ్లుకుంటాన్న. నువ్వు పోతె నేనెవర్ని చూసి కుళ్లుకోవాలె?"

అంత తియ్యటి మాట నా జన్మలో వినలేదు. స్టూలు మీద కాస్త జరగమని, వాడి పక్కనే కూర్చున్నాను. ఎన్నేళ్లుగా కుళ్లుకుంటున్నాడో, దేని దేనికి కుళ్లుకున్నాడో ఒక్కటీ వదలకుండా మొదట్నుంచీ చెప్పమన్నాను.