సీసం చేపల అంచులు

కార్ఖానా ఏరియాలో ఉండే నా క్లాస్‌మేట్ నిన్నొక వీడియో పెట్టాడు. గ్యాస్ పొయ్యి మీద గరిటెలో సీసం కరుగుతోంది. పక్కనే ఏడేళ్ల కూతురు వంగి చూస్తోంది. కింద వాడి రాత: "మన చిన్నప్పుడు గాలానికి కట్టే చేపబొమ్మలు గిట్లనే పోసేటోళ్లం. మనకేమన్న అయిందా?"

గుర్తుంది కదా దోస్తులారా? టైర్ల షాపులో అడుక్కొచ్చిన సీసం ముక్కలు, మట్టి అచ్చు, గొంతు పట్టేసే ఆ పొగ. చల్లారాక బొమ్మ చుట్టూ పల్చటి అంచు మిగిలేది. దాన్ని ఆకురాయితో అరగదీయాలి. మా ఇంట్లో ఆకురాయి అక్కర్లేకపోయింది, చెల్లి గ్రేస్ ఉంది.

"జెర కొరుకు బిడ్డా, నీ పండ్లు సన్నగుంటయ్," అనేవాడు డాడీ. సీసం మెత్తన కదా, చెల్లి ఆ అంచు కొరికి ఉమ్మేసేది. తర్వాత నేను రంగు వేసి, కళ్లు దిద్ది, నేనే చేశానని బడిలో గొప్పలు పోయేవాణ్ణి.

గ్రేస్‌కు ఎప్పుడూ కడుపునొప్పే. రెండో ఎక్కం దాటలేదు. టీచర్ మొద్దు అంది, నేనూ అన్నాను. సీసం సంగతి ఏ డాక్టరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. దానివల్లేనని రుజువేది అంటారా? పరీక్ష చేయించింది ఎవరని రుజువుంటుంది? ఈ రోజుకీ బస్సు నంబరు నన్ను చదివి చెప్పమంటుంది. ఏమైనా అయినవాళ్లు ఇలాంటి పోస్టులు రాయలేరు, అదీ మీ ధైర్యం!

వీడియో చూసిన వెంటనే వాడికి ఫోన్ చేశాను. "ముందు పాపను అక్కణ్ణుంచి పంపెయ్."

"ఏందిరా, ప్రతిదానికీ పరేషాన్ చేస్తవ్! నువ్వు సుత పోసినవ్ కదా, నీకేమైంది?"

నాకేమీ కాలేదు. కొరికింది నేను కాదు.