మామ్మ కొండమెట్టు మీద కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు బరంపురంలో మా వీధి వాళ్ళందరినీ చైత్రమాసంలో తారాతారిణి అమ్మవార్ల కొండకు తీసుకెళ్ళి, మళ్ళీ క్షేమంగా ఇళ్ళకు చేర్చే బాధ్యత మా మామ్మది. మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. ఎవరూ ఆవిడకి ఆ పని అప్పగించలేదు, ఆవిడే ఎప్పుడో చేతిలోకి తీసుకుంది. చైత్రంలో మంగళవారాలు ఆ కొండ మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఒడియా వాళ్ళు, తెలుగు వాళ్ళు, చంటిపిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అంత జనంలో మా వీధి పిల్ల ఒక్కతి కూడా ఎన్నడూ తప్పిపోలేదని మామ్మ గర్వం. ఆ గర్వంలో నాకూ వాటా ఉండేది. ఆవిడ ముందు నడుస్తుంటే, ఆవిడ కొంగు పట్టుకుని నడిచేదాన్ని నేనే.

ఒక ఏడాది మామ్మ మోకాళ్ళు పట్టేశాయి. కింద కూర్చోలేకపోయేది. భోజనానికి కూడా ఎత్తు పీట వేయాల్సి వచ్చేది. అయినా కొండెక్కుతాననే అంది. ఈలోగా మా దుకాణం అరుగు మీద వీధిలోని మగవాళ్ళు నలుగురూ కూర్చుని, ఈసారి జనాన్ని తీసుకెళ్ళే పని ఎదురింటి కోడలికి ఇద్దామని అనుకున్నారు. ఆమె రంభ అనే ఊరి నుంచి మా వీధికి కోడలిగా వచ్చి ఎంతో కాలం కాలేదు. చదువుకుంది, ఒడియా గలగలా మాట్లాడుతుంది, బస్సువాడితో బేరం కుదుర్చుకోగలదు. నేను ఆవిణ్ణి వదినా అని పిలిచేదాన్ని. వాళ్ళు అనుకున్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ మామ్మతో ఒక్క మాట చెప్పాలని మా నాన్నగారితో సహా ఎవరికీ తోచలేదు. పూలమ్మే ఆవిడ గుమ్మంలో బుట్ట దించి, "ఈపాలి మీరు ఎల్లరంట కదమ్మా" అని అడిగితే అప్పుడు తెలిసింది మామ్మకి.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు చేరి ప్రయాణం సంగతులు మాట్లాడుకుంటుంటే, మామ్మ కిటికీ దగ్గర పీట వేసుకుని వత్తులు చేస్తూ వినేది. వాళ్ళు నవ్వితే ఈవిడ చేతిలో వత్తి తెగిపోయేది. "దాని గొంతు సూడు, కాకి గొంతు. కొండ మీద ఆ గొంతు ఎవులికి వినబడతాది?" అనేది. నిజానికి వదిన గొంతు ఖంగుమనేది. అది నాకూ తెలుసు, మామ్మకీ తెలుసు.

నా బాధ నాది. నాతో రోజూ గవ్వలాడే పక్కింటి పిల్లని వదిన పిలిచి, బస్సులో చిన్నపిల్లల్ని చూసుకునే పని చెప్పింది. ఆ పిల్ల ఇక మా గడప తొక్కలేదు. ఎదురింటి అరుగు మీద పెద్ద ఆరిందాలా కాళ్ళూపుకుంటూ కూర్చునేది. నాకు అన్నం సయించేది కాదు. మామ్మా నేనూ ఒకే కిటికీలోంచి ఒకే ఇంటికేసి చూస్తూ ఉడికిపోయేవాళ్ళం. మా అమ్మ మమ్మల్నిద్దరినీ చూసి నవ్వాపుకోలేకపోయేది.

ఒకనాటి సాయంత్రం వదినే మా ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, "మామ్మా, కొండ మీద నీళ్ళు ఎక్కడ మంచివో, ఎండెక్కితే పిల్లల్ని ఎక్కడ కూకోబెట్టాలో నువ్వు సెప్తే నాకు దారి దొరుకుతాది" అంది. మామ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "మోకాళ్ళు నొప్పమ్మా, మాట రావట్లేదు" అంది. మోకాళ్ళ నొప్పికీ మాటకీ సంబంధం ఏమిటో వదిన అడగలేదు. కాసేపు నిలబడి, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది మా తమ్ముడికి పుట్టువెంట్రుకలు తీయించాలి. కాబట్టి మామ్మ అలిగి ఇంట్లో కూర్చోవడానికి వీల్లేదు. బస్సులో అందరితో పాటు వెనక సీట్లో కూర్చుంది. దారి పొడుగునా వదిన చేసిన ఏర్పాట్లలో తప్పులు వెతికింది. దొరకలేదు. దొరక్కపోవడమే మా ఇద్దరికీ ఎక్కువ కష్టమైంది. ఒక్కో ఇంటికి ఒక పెద్దని పెట్టి, ఆ ఇంటి పిల్లల బాధ్యత ఆ పెద్దకే అప్పజెప్పింది వదిన. తప్పిపోతే రుషికుల్య నది ఒడ్డున మన బస్సు దగ్గరికే రావాలని పిల్లలందరి చేతా ఒడియాలోనూ తెలుగులోనూ అనిపించింది. అన్నీ తన నెత్తిన వేసుకునేది మామ్మ. వదిన పంచింది. అది చూసి మామ్మ మూతి తిప్పుకుంది.

కొండ కింద మంగళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. మా తమ్ముడు గుక్కపెట్టి ఏడ్చాడు, గుండు మీద చందనం రాశాక నవ్వాడు. తర్వాత మెట్లెక్కడం మొదలుపెట్టాం. మామ్మ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ముందు వదిన నడుస్తోంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆగి, "పిల్లలు అలిసిపోనారు, కాసేపు నిలబడదాం" అనేది. మేమెవరమూ అలిసిపోలేదు. మా పక్కింటి పిల్లయితే గంతులేస్తోంది కూడా. వదిన ఆగుతున్నది మామ్మ కోసమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మామ్మకి మొదటి మలుపులోనే తెలిసింది. ముక్కుపుటాలు అదరడం నేను చూశాను. తనమీద దయ చూపిస్తున్నారని, ఆ దయ కూడా పైకి కనబడకుండా చూపిస్తున్నారని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

దర్శనం బాగానే అయింది. దిగేటప్పుడు వచ్చింది ముప్పు.

ఎండ నడినెత్తిన ఉంది. సగం కొండ దిగాక ఒక ఇరుకు మలుపులో, పైకెక్కే జనమూ కిందికి దిగే జనమూ ఎదురుపడి ఆగిపోయారు. వెనక నుంచి తోపులాట మొదలైంది. ఇంతలో పైనెక్కడో ఎవరో "పథర ఖసిలా!" అని అరిచారు. బండరాయి జారిందని. ఆ కేక నోటినోటా కిందికి పాకింది. ఒక్కసారిగా మా వెనక జనం కొండ కదిలినట్టు కదిలారు. నా కాళ్ళు మెట్టు మీద ఆనడం లేదు. అమ్మ మా తమ్ముణ్ణి గుండెకి అదుముకుంది. వాడి బోడిగుండు తప్ప నాకింకేమీ కనబడలేదు.

వదిన వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. "ఎవులూ దిగొద్దు! పక్కకి జరిగి కొండని ఆనుకుని కూకోండి! పిల్లల్ని కొండవైపు పెట్టండి!"

మా వాళ్ళెవరూ కూర్చోలేదు. పైనుంచి రాయి వస్తోందంటే కొండకి ఆనుకుని ఎవరు కూర్చుంటారు? మా వీధి చివర ఇంటి చిన్నాన్న అప్పటికే రెండు మెట్లు దిగాడు. ఆయన వెనక ఇంకొందరు కదిలారు. అప్పుడు ఆయనే ఆగి, జనం తలల మీదుగా మామ్మకేసి చూసి కేకేశాడు. "మామ్మా, నువ్వు సెప్పు! దిగిపోదుమా?"

అందరూ మామ్మ వైపు తిరిగారు. ఎన్నో ఏళ్ళు ఆవిడ వెనక నడిచిన అలవాటు అది. వదిన కూడా తిరిగి చూసింది. వదిన ముఖంలో నెత్తురు లేదు.

ఇలాంటి తొక్కిడి మామ్మకి కొత్త కాదు. నేను పుట్టకముందు ఒకసారి ఇదే కొండ మీద జనం బెదిరితే, అందర్నీ ఒకరి కొంగు ఒకరి చేత పట్టించి, దండలా గబగబా కిందికి దించేసిందట. ఆ కథ మా ఇంట్లో నూరుసార్లు విన్నాను. ఆవిడ నోరు తెరిచింది. దిగండి అని ఒక్క మాట చాలు. వదిన పెద్దరికం అక్కడితో పోతుంది. మా వీధి మళ్ళీ మాదవుతుంది. అంత భయంలోనూ ఆ మాట అనాలని నేను ఎంత కోరుకున్నానో నాకిప్పటికీ గుర్తే.

మామ్మ అంది: "నన్నడుగుతారేటి? ఈయాల పెద్ద అదీ. అది కూకోమంటే కూకోండి!"

అని అందరికంటే ముందు ఆవిడ కూర్చుంది. ఏడాదిగా వంగని మోకాళ్ళని వంచి, కాలుతున్న రాతిమెట్టు మీద ఓ పక్కగా, కొండకి వీపు ఆనించి చతికిలబడింది. ఆ నొప్పికి పళ్ళు బిగించడం నేను చూశాను. మామ్మ కూర్చోగానే అందరూ కూర్చున్నారు. చిన్నాన్న మెట్లెక్కి వచ్చి కూర్చున్నాడు. అమ్మని మామ్మ తన పక్కకి లాక్కుంది. వదిన మాత్రం మా అందరికీ ముందు, జనం వైపు వీపు పెట్టి నిలబడింది.

జనం మమ్మల్ని రాసుకుంటూ పోయారు. ఎంతసేపో చెప్పలేను. చెప్పులు, కొబ్బరిచిప్పలు, ఎవరిదో పూలబుట్ట మా ఒళ్ళో పడ్డాయి. మాకు కాస్త ఎగువన ఒక ముసలాయన పడిపోతే నలుగురు పట్టుకుని లేవదీశారు. తర్వాత మెల్లగా రద్దీ పలచబడింది. రాయీ లేదు, ఏమీ లేదు, ఉత్త పుకారని తెలిసింది. మాలో ఒకరిద్దరికి మోచేతులు గీరుకుపోయాయి, అంతే. మామ్మని లేపడానికి మా నాన్నగారూ చిన్నాన్నా ఇద్దరూ కావలసి వచ్చారు.

నది ఒడ్డుకు చేరాక వదిన నీళ్ళలో దిగి ముఖం కడుక్కుంది. వచ్చి మామ్మ ముందు నిలబడింది. "నాను సెప్పింది సరైందో కాదో నాకే తెల్దు మామ్మా. రాయే వస్తే ఏటయ్యేదో" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మామ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. "తెల్దని ఇప్పుడు సెప్పినావు. అక్కడ సెప్పనేదు. అదే మంచి పని" అంది. వెంటనే ముఖం తిప్పుకుని, పులిహోరలో ఉప్పు తక్కువైందని మా అమ్మ మీద కేకలేసింది. పులిహోర వదిన కలిపింది.

తిరుగు బస్సులో మామ్మ పక్కన నేను కూర్చున్నాను. ఆవిడ కాళ్ళు నా ఒళ్ళో పెట్టుకుని నొక్కుతూ అడిగాను, నువ్వయితే ఏం చేసేదానివని.

"దింపేద్దును" అంది.

"మరి వదిన మాటే వినమన్నావెందుకు?"

మామ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "దాని మాట ఇంటే బతుకుతామో నేదో సగం సగం. నా మాట ఇన్నా అంతే. ఇద్దరి మాటా ఇంటే మాత్రం సగం మంది కూకుంటారు, సగం మంది వాళ్ళని తొక్కుకుంటా దిగతారు. మన పిల్లల్ని మనవే తొక్కుతాం. అలగ కూడదు తల్లీ."

నాకు సగమే అర్థమైంది. నాకు కావలసింది వేరే. "అయితే ఇంక వదినంటే నీకు కుళ్ళు లేదా?" అని అడిగేశాను. అమ్మ ఉలిక్కిపడి నా తొడ మీద గిల్లింది. మామ్మ కోప్పడలేదు.

"ఎందుకు నేదు? ఉన్నాది. కడుపు మండిపోతంది" అంది. "అది నా కడుపు. మండితే మండనీ. దానికీ వీళ్ళ పేనాలకీ ఏటి సంబంధం?"

పెద్దవాళ్ళకి కుళ్ళు ఉంటుందని, దాన్ని ఉందని ఒప్పుకోవచ్చని, ఒప్పుకున్నాక కూడా చేయవలసింది చేయవచ్చని నాకు అప్పుడే తెలిసింది. అంతవరకూ మంచివాళ్ళకి కుళ్ళు రాదనీ, వచ్చిందంటే చెడ్డవాళ్ళమైపోయామనీ అనుకునేదాన్ని.

కొన్నాళ్ళకి మామ్మే వదినకి కబురు పంపింది. కొండ మీద ఏ ఊట నీళ్ళు మంచివో, ఏ వేళకి ఏ వైపు నీడ పడుతుందో, దిగితే ఎలా దిగాలో, కూర్చుంటే ఎక్కడ కూర్చోవాలో తిట్టినట్టే అన్నీ చెప్పింది. వదిన నేల మీద కూర్చుని బుద్ధిగా వింది. మరుసటి ఏడాది బస్సు బయల్దేరే పొద్దున మాత్రం మామ్మ మా కిటికీ రెక్కలు మూసేసింది. లోపల కూర్చుని, బస్సు హారన్ వినబడకుండా పోయేదాకా రోట్లో ఏదో దంచుతూనే ఉంది. రోట్లో ఏమీ లేదని అమ్మ తర్వాత చెప్పింది.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. సూది వేయడం నా దగ్గర నేర్చుకున్న అమ్మాయిని ఒకనాడు నా పైన ఇన్‌ఛార్జిగా వేశారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. తర్వాత ఒక తుఫాను పూట వార్డులోకి నీళ్ళొచ్చాయి. ముందు నడవలేని రోగుల్ని పైకి చేర్చమని ఆ అమ్మాయి చెప్పింది. నేనయితే నడవగలిగినవాళ్ళని ముందు పంపి దారి ఖాళీ చేసేదాన్ని. ఆయాలందరూ ఆ అమ్మాయిని వదిలి నా ముఖంకేసి చూశారు. నేను వెళ్ళి, దగ్గర్లో కదల్లేక పడుకున్న రోగి మంచం ఒక కొస ఎత్తి పట్టుకున్నాను. రెండో కొస ఎవరో పట్టుకున్నారు. తెల్లారేసరికి అందరూ పైన ఉన్నారు. ఆ పనికి మెచ్చి ఆ అమ్మాయికి అందరూ దండ వేసిన రోజున తలనొప్పని చెప్పి ఇంటికొచ్చేశాను. అంతవరకే నా చేతనయింది.

మొన్న విశాఖపట్నం నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది. అది ఒక కంపెనీలో మేనేజరు. తీర్థాల్లో అంతంత జనాన్ని ఎలా నడిపిస్తారో, దాంట్లోంచి మేనేజర్లు నేర్చుకోవలసింది ఏమిటో చెప్పడానికి వాళ్ళకి రెండు పూటలు క్లాసులు పెట్టారట. దారులు ఎలా వేరు చేయాలి, పని ఎలా పంచాలి అని బొమ్మలు వేసి చూపించారట. మంచి సంగతులే. అన్నీ చెప్పి చివర్న గొంతు తగ్గించి, తనకి రావలసిన పై పదవి తన కింద పనిచేసిన కుర్రాడికి ఇచ్చారని చెప్పింది. మర్నాడు వాడు పెట్టే మొదటి మీటింగులో తనవాళ్ళంతా తన ముఖమే చూస్తారని, ఏం చెయ్యాలో తోచడం లేదని అంది.

కొండ మీద సంగతి దానికి చెప్పాను. ఇంతకుముందు ఎవరికీ ఇంత వివరంగా చెప్పలేదు.

"వాడు చెప్పినట్టే చెయ్యమని అంటాలే అమ్మమ్మా" అంది అంతా విని. "కానీ లోపల ఈ మంట? ఇదెన్నాళ్ళుంటుంది?"

దానికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మా మామ్మకి పోయేదాకా ఉందనీ, నాకింకా ఉందనీ చెప్పాను.