భీమశంకర్ గారి నాలుగింటి నడక

భీమశంకర్ గారు చదివింది మాకవరపాలెం ఊరి బళ్లో పదో తరగతి వరకే. అయితేనేం, నర్సీపట్నం బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్లు కంట్రోలరుగా చేసి, రికార్డులో ఒక్క ఎర్ర సిరా గీత పడకుండా బయటికొచ్చారు. కలెక్టరు గారి చేతుల మీదుగా ప్రశంసాపత్రం అందుకున్నారు. తుపాను రోజున కూడా తొమ్మిది బస్సులను వేళ తప్పకుండా పంపించారు. డెబ్బయ్యో ఏట రోజుకు మూడు మైళ్లు నడుస్తున్నారు. వీటన్నిటినీ మించిన ఘనత ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ల ఒంటి మీద ఆపరేషను కత్తి గాటు లేదు. ఈ సంగతులు తెలియని తెలుగువాడు అమెరికాలోని ఆష్‌బర్న్‌లో ఇప్పుడు లేడు. ఆయన కూతురింటికి వచ్చి మాత్రం ఐదు వారాలే.

పదవీ విరమణ నాడు డిపోవాళ్లు ఆయన చేతికి ఒక గడియారం తొడిగారు. విమానం దిగిన రోజే కూతురు రేణు అడిగింది.

"నాన్నా, వాచీ ఇటివ్వండి. ఇక్కడి టైమ్ సెట్ చేస్తాను."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఊరంతా నా వాచీ చూసి తమది దిద్దుకునేవారమ్మా. నాది ఇంకొకరిని చూసి దిద్దుకోదు."

అప్పటినుంచి ఎవరు టైమడిగినా ముల్లు చూసి, తొమ్మిదిన్నర గంటలు మనసులోనే తీసేసి చెబుతున్నారు. రేణు ఫోను బయటికి తీసేలోపే ఆయన జవాబు వచ్చేస్తుంది. అదీ ఘనతల జాబితాలో చేరింది.

ఒక మధ్యాహ్నం నీళ్లు తాగకుండా ఎండలో తిరిగొచ్చి, మెట్ల దగ్గర తూలారు. రేణు ఊరుకోలేదు. గుండె డాక్టరు స్మృతి దగ్గరికి లాక్కెళ్లింది. వర్జీనియాలోనే పుట్టి పెరిగిన పిల్ల స్మృతి. తెలుగు ముక్కలు ముక్కలుగా వచ్చినా వదలదు. ఆయన ఛాతీకి చిన్న పెట్టె అంటించి, ఒక కాగితం చేతికిచ్చింది.

"అంకుల్, వన్ డే ఫుల్‌గా ఇది ఉంచుకోవాలి. హార్ట్ ఎలా కొట్టుకుందో ఇది రికార్డ్ చేస్తది. మీరు ఏం చేస్తే అది, టైమ్‌తో ఈ పేపర్ మీద రాయండి."

"రాయడం గురించి నాకు చెప్పాలా తల్లీ? ముప్పై నాలుగేళ్లు..."

"నువ్వెళ్లి వేరే పేషెంట్లని చూసుకో అమ్మా," అన్నారు ఆయన భార్య అన్నపూర్ణ గారు. "ఇప్పుడు ఆ కథలోకి కలెక్టరు గారు వస్తారు."

డిపోలో ఒక నియమం ఉండేది. బస్సు ఎప్పుడు కదిలిందో కంట్రోలరు తన వాచీ చూసి, ఉన్నదున్నట్టు రాయాలి. లెక్కలు కట్టి అటూ ఇటూ చేయకూడదు. ఆ నియమం ఆయన వేళ్లలో ఇంకిపోయింది. నోటితో చెప్పేటప్పుడు తీసివేతలు చేస్తారు గానీ, కాగితం మీద మాత్రం ముల్లు ఏది చూపిస్తే అదే. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో వరసగా నింపారు. 6:30, టీవీ. 7:30, పడక. 3:00, లేచుట. 4:04, నడక. నాలుగు నిమిషాలు ఆలస్యం, కారణం షూ లేసు. ప్రతి వరుస చివరా సంతకం.

నాలుగు రోజుల తర్వాత క్లినిక్ నుంచి రేణుకి ఫోనొచ్చింది. మీ నాన్నగారు నడుస్తున్నప్పుడు గుండె వేగం పెరగాల్సింది పోయి పడిపోతోందన్నారు. ఛాతీ కోసి పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు, గురువారం రమ్మన్నారు. ఆయన నిజంగా తెల్లవారుజామున నాలుగింటికే నడకకు వెళతారా అని కూడా అడిగారు.

"నేను లేచేసరికే వెళ్లి వచ్చేస్తారు. అప్పుడే అయ్యుంటుంది," అంది రేణు.

గురువారం దాకా ఉన్న ఆ రెండు రోజులూ భీమశంకర్ గారు నడకకు పోలేదు. ఎవరితోనూ డిపో ఊసెత్తలేదు.

"కలెక్టరు గారు రావట్లేదేం?" అని కదిపారు అన్నపూర్ణ గారు.

"ఒంటి మీద గాటు లేదని ఊరందరికీ చెప్పుకున్నానే," అన్నారాయన, తల ఎత్తకుండా.

ఆవిడ మజ్జిగ కలిపి తెచ్చి పక్కన కూర్చున్నారు.

గురువారం స్మృతి తెర మీద గీతలు చూపించింది.

"అంకుల్, మన బాడీలో ఒక క్లాక్ ఉంటది. నిద్రలో హార్ట్‌ని స్లో చేస్తది, తెల్లారేటప్పుడు మళ్లీ పెంచుతది. మీది ఉల్టాగా ఉంది. మార్నింగ్ నాలుగింటికి నడిచారు, హార్ట్ మినిట్‌కి నలభై నాలుగు. నడక అయిపోయాక ఆరున్నరకి పేపర్ మీద ఏమీ లేదు, ఊరికే ఉన్నారు, నూట ఎనిమిది."

భీమశంకర్ గారి చెయ్యి చొక్కా పై గుండీ మీదికి పోయింది. "నడకలో నాకెప్పుడూ ఆయాసం రాలేదమ్మా. సూర్యుడు ఎదురుగా ఉంటాడు, హాయిగా..."

"సూర్యుడా? నాలుగింటికి డార్క్ కదా అంకుల్?"

"చీకటేమిటి తల్లీ? టోపీ లేకపోతే కళ్లు తెరవలేం."

స్మృతి కాగితం వైపూ, ఆయన మణికట్టు వైపూ చూసింది. "మీ వాచ్‌లో టైమ్ ఎంత? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

గోడ గడియారంలో పదీ నలభై. ఆయన అలవాటు కొద్దీ తీసివేయబోయి, ఆగారు.

"ఎనిమిదీ పది."

రేణు నుదురు పట్టుకుంది. అన్నపూర్ణ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

స్మృతి ఒక్కొక్క వరుసనూ తొమ్మిదిన్నర గంటలు వెనక్కి జరిపింది. పడక రాత్రి పదింటికి వచ్చింది. గీత అక్కడే కిందికి దిగింది. లేచుట ఐదున్నరకి వచ్చింది. గీత పైకి లేచింది. నడక ఆరూ ముప్పై నాలుగుకి వెళ్లి, నూట ఎనిమిది దగ్గర బుద్ధిగా కూర్చుంది. నలభై నాలుగు ఉన్నచోట ఆయన గాఢ నిద్రలో ఉన్నారు.

"నిద్రలో అంత తగ్గడం మీకు నార్మలే. పేస్‌మేకర్ వద్దు అంకుల్. వాటర్ తాగండి చాలు." ఆ పిల్ల నవ్వు ఆపుకుంటోంది. "వాచ్ ఇంకా ఇండియాలో ఉంది గానీ, మీ హార్ట్ ఎప్పుడో ఇక్కడి టైమ్‌కి మారిపోయింది."

"నాకు చెప్పకుండానే?" అన్నారు భీమశంకర్ గారు. చెయ్యి మాత్రం గుండీ మీంచి దిగింది.

కారు ఎక్కాక అన్నపూర్ణ గారు అందుకున్నారు. "ఊళ్లో వాచీలన్నీ మీ వాచీ మాట విన్నాయి. సొంత గుండె మాత్రం పోయి ఆష్‌బర్న్ సూర్యుడి మాట విన్నది."

"ఇప్పుడైనా ఇస్తారా నాన్నా, వాచీ?"

ఆయన వాచీ ఉన్న చేతిని ఒళ్లోకి లాక్కున్నారు. "కుడి చేతికి ఇంకోటి కొనిపెట్టు," అన్నారు.

మర్నాడు నడకలో భార్యాభర్తలిద్దరికీ పక్క వీధి శ్రీధర్ ఎదురయ్యాడు. కలెక్టరు గారు మళ్లీ వచ్చారు, తుపానూ వచ్చింది, కత్తి గాటు లేని ఒళ్లూ వచ్చింది. వాటి వెనకే కొత్తది ఒకటి. "డెబ్బయ్యో ఏట, ఎవరూ కీ ఇవ్వకుండా, గుండె తనంతట తనే అమెరికా టైముకి మారిందయ్యా. డాక్టరే ఆశ్చర్యపోయింది."

"ఆ కాగితం సంగతి కూడా చెప్పండి," అన్నారు అన్నపూర్ణ గారు.

"ఏ కాగితం?" అంటూ ఆయన నడక వేగం పెంచారు.